తగ్గింపును అభ్యసించడం ఎలా

కొన్నేళ్ల కిందట మా సంఘంలో క్రిస్మస్ కార్యక్రమం కోసం నెల రోజులు పనిచేశాను. పిల్లలకు పాటలు నేర్పాను, చిన్న నాటిక రాసి వాళ్లతో వేయించాను, ముందురోజు రాత్రి పన్నెండు దాటేవరకు వెదురుబద్దల నక్షత్రానికి రంగు కాగితం అంటించాను. కార్యక్రమం ముగిశాక సంఘపెద్ద ఒకరు మైకు అందుకొని లైట్లు పెట్టినవారికి, షామియానా వేసినవారికి, వంట చేసినవారికి, కుర్చీలు తెచ్చినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. నా పేరు రాలేదు. ఆయన కావాలని వదిలెయ్యలేదని నాకు తెలుసు. అయినా ఆ రాత్రి ఇంటికొచ్చి మోకాళ్లూని "సమస్త మహిమ నీకే ప్రభువా" అని ప్రార్థిస్తున్నంతసేపూ నా మనసులో ఆ పేర్ల వరుసే తిరుగుతూ ఉంది.

తగ్గింపు మాటలు, అంటే వినయపు మాటలు, మనకు సండేస్కూలు రోజుల నుంచే వచ్చు. అయోగ్యులమని, ధూళివంటివారమని ప్రార్థనలో చెప్పుకుంటాం. ఆ మాటలు అబద్ధం కావు గానీ, మాటలు వచ్చినంత మాత్రాన తగ్గింపు వచ్చినట్టు కాదని ఆ రాత్రి నాకు తెలిసింది. అప్పటినుంచి లేఖనాలు చదువుతూ, పెద్దలను అడుగుతూ, తప్పిపోయినప్పుడల్లా మళ్లీ మొదలుపెడుతూ నేర్చుకున్న సంగతులను ఎవరైనా ఆచరణలో పెట్టడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు తగ్గింపు అంటే ఏమిటో సరిగా తెలుసుకోవాలి, ఎందుకంటే దీన్ని తప్పుగా అర్థం చేసుకున్నవారు ఎంత కష్టపడినా తమను తాము నలగగొట్టుకోవడం తప్ప మరేమీ సాధించలేరు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు శిష్యుల పాదాలు కడిగిన సందర్భం చూడండి. ఆయన పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకొని, పళ్లెంలో నీళ్లు పోయడానికి ముందు సువార్తికుడు ఒక మాట రాశాడు: తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గరనుంచి వచ్చాడనీ, దేవుని దగ్గరకే వెళ్తున్నాడనీ యేసు ఎరిగి ఉన్నాడు. ఆ ఎరుకతోనే ఆయన భోజనపంక్తి నుంచి లేచాడు. తాను ఎందుకూ కొరగానివాణ్ణని అనుకొని ఆయన వంగలేదు. తన స్థానం ఎవరూ తీసుకోలేనిదని తెలిసినవాడు గనుక దాన్ని కాపాడుకోవలసిన అవసరం ఆయనకు లేకపోయింది. కాబట్టి తనను తాను తక్కువ అంచనా వేసుకోవడాన్ని తగ్గింపు అనలేం. తండ్రి చేతిలో భద్రంగా ఉన్నానన్న నమ్మకంతో తన పేరు సంగతి పక్కన పెట్టి ఎదుటివారి అవసరం వైపు కదలడమే తగ్గింపు. ఈ సాధన ఎప్పుడు మొదలుపెట్టినా ఈ నమ్మకం నుంచే మొదలుపెట్టాలి. నేను దేవుని బిడ్డనన్న సంగతి మనసులో స్థిరపడనివారికి తర్వాత చెప్పేవన్నీ మోయలేని బరువులవుతాయి.

ఇక్కడ తెలుగు సంఘాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. మన సంఘాలలో చాలామంది పూర్వీకులు తరతరాలుగా ఊరికి వెలుపల నిలబెట్టబడినవారు. వారిని తగ్గించే పనిని లోకం అప్పటికే చేసింది. 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అనుభవం దీనికి సంబంధించినదే. మాదిగ కుటుంబానికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయనవంటివారు విశ్వాసంలోకి వస్తున్న రోజుల్లో, వారిని చేర్చుకోవడం పై కులాలవారికి సమ్మతం కాలేదు, మిషనును విడిచిపోతామన్నారు. క్లౌ, ఆయన భార్య ఏం చేయాలో తోచక విడివిడిగా ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడిందని ఆయన తర్వాత రాసుకున్నారు. లోకంలో బలహీనులను, నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే వచనాలు అవి. వచ్చినవారిని చేర్చుకోవడానికే వారు నిశ్చయించుకున్నారు. ఆ రోజున తగ్గవలసింది పేరయ్య కాదు, ఆయన పక్కన కూర్చోలేనివారు. ఇప్పుడైనా ఇంట్లో దెబ్బలు తినే స్త్రీకి, కూలి ఎగ్గొట్టబడిన మనిషికి "తగ్గించుకో అమ్మా", "తగ్గించుకో నాయనా" అని బోధించేవారు ఈ సుగుణాన్ని ఆయుధంగా వాడుతున్నారని నా అభిప్రాయం. యేసు అలాంటివారిని లేపి నిలబెట్టాడు. తగ్గింపు అభ్యాసం కుర్చీ ఉన్నవారితో మొదలవ్వాలి, మనలో ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒకచోట కుర్చీ ఉంటుంది: ఇంట్లో భర్తగా, అత్తగా, ఆఫీసులో అధికారిగా, సంఘంలో పెద్దగా. మీ కుర్చీ ఏదో ముందు గుర్తించండి.

తర్వాత లోపలినుంచి పని మొదలుపెట్టండి. 6వ శతాబ్దంలో ఇటలీలో మఠవాసుల కోసం బెనెడిక్టు అనే సన్యాసి రాసిన నియమావళిలో 7వ అధ్యాయమంతా వినయం గురించే. అందులో ఆయన 12 మెట్లు చెబుతాడు. మొదటి మెట్టు దేవుడు ఎల్లప్పుడూ నన్ను చూస్తున్నాడన్న ఎరుక. తల వంచుకొని నడవడం, చూపు దించుకోవడం వంటి శరీర లక్షణాలు ఆయన లెక్కలో చిట్టచివరి మెట్టు. మనం తరచుగా ఈ నిచ్చెనను తలకిందులుగా వేసుకుంటాం: మెత్తని గొంతు, వంచిన తల, జోడించిన చేతులు ముందు వచ్చేస్తాయి, లోపలి సంగతి అలాగే ఉండిపోతుంది. అందుకే బయటి తీరు మార్చుకునే ప్రయత్నం కొంతకాలం వాయిదా వేసినా నష్టం లేదు.

లోపలి పనికి నాకు ఉపయోగపడిన పద్ధతి ఇది. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు కూర్చొని ఈ రోజు నాకు ఎక్కడ గుచ్చుకుంది అని అడుగుతాను. ఎవరో పలకరించలేదు, సలహా అడగలేదు, నేను చెప్పిన మాటను ఇంకొకరు తమ మాటగా చెప్పుకున్నారు. అలా గుచ్చుకున్న చోటే నా అతిశయం ఉన్న చోటు కూడా. దాన్ని దాచకుండా, సమర్థించుకోకుండా ఉన్నదున్నట్టు దేవునికి చెబుతాను. "ప్రభువా, నాకు గర్వముంది, క్షమించు" అని గుండుగుత్తగా చెప్పడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. "ఈరోజు వాక్యం చదవడానికి నన్ను కాకుండా ఆ తమ్ముణ్ణి పిలిచినప్పుడు వాడు తడబడాలని కోరుకున్నాను" అని చెప్పాలి. నిజంగానే ఒక ఆదివారం నేను అలా కోరుకున్నాను, ఆ మాట పైకి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. బెనెడిక్టు చెప్పిన ఐదవ మెట్టు కూడా ఇలాంటిదే: మనసులోకి వచ్చే చెడు తలంపులను మఠాధిపతి దగ్గర దాచకుండా ఒప్పుకోవడం. నోరు జారని ఒక విశ్వాసిని, వీలైతే మీకంటే వయసులో పెద్దవారిని ఎంచుకొని, నెలకు ఒకసారైనా ఇలాంటి సంగతి ఒకటి వారితో చెప్పండి.

అదే పది నిమిషాల్లో చేయవలసిన మరొక పని ఉంది. "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అని పౌలు కొరింథీయులను అడిగాడు. మీరు గొప్పగా భావించే ఒక సంగతి తీసుకొని అది ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో కాగితం మీద రాయండి. నేను వాక్యం బాగా చెబుతానన్న పేరు తీసుకొని రాశాను. అక్షరాలు దిద్దించిన మా మేనత్త, ఫీజు కట్టడానికి గొలుసు తాకట్టు పెట్టిన అమ్మ, తన నోట్సు పుస్తకాలు ఇచ్చేసిన వృద్ధ పాస్టరుగారు, ఎదురుగా కూర్చొని ఓపికగా విన్న పాతికమంది. చివరికి నాదంటూ మిగిలింది గొంతు ఒక్కటే. అదీ నేను చేసుకున్నది కాదు. ఇలా రాస్తే మనసు కుంగదు, కృతజ్ఞతతో నిండుతుంది, ఆ నిండుదనం ఉన్నంతసేపూ అతిశయానికి చోటు దొరకదు.

ఇక చేతులతో చేసే అభ్యాసం. పేరు రాని పని ఒకటి ఎంచుకొని దాన్ని చాలాకాలం చేయండి. ప్రేమవిందు తర్వాత విస్తళ్లు ఎత్తడం, గుడి వెనుక మరుగుదొడ్డి కడగడం, జంపఖానాలు దులిపి మడతపెట్టడం వంటివి ప్రతి సంఘంలోనూ ఉంటాయి. ఒకసారి చేస్తే అది వార్త అవుతుంది గనుక మెచ్చుకుంటారు. ఆరు నెలలు చేస్తే అందరికీ అలవాటైపోయి ఎవరూ గమనించరు, అప్పుడే అభ్యాసం మొదలవుతుంది. దాన్ని సాక్ష్యంలో చెప్పవద్దు, ఫోటో తీయించుకోవద్దు. అయితే ఈ పని ఇంటినుంచే మొదలుకావాలి. మంచి శుక్రవారానికి ముందు గురువారం గుడిలో పన్నెండుమంది పాదాలు కడిగిన మనిషి, ఆ రాత్రి ఇంట్లో తాను తిన్న కంచం అక్కడే వదిలి లేస్తే, ఆ కంచం తీసే ఇల్లాలికి ఆ ఆరాధన ఏమని అర్థమవుతుంది? పురుషులు ఈ ఒక్క వాక్యం దగ్గర కాస్త ఆగాలని బతిమాలుతున్నాను.

అన్నిటికంటే కష్టమైనది దిద్దుబాటును స్వీకరించడం. పైవారు దిద్దితే ఎలాగో ఓర్చుకుంటాం. కిందివారని మనం అనుకునేవారు దిద్దినప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠు నయం కావడానికి కారణమైన మాటలు రెండుసార్లూ కిందివారి నోటినుంచే వచ్చాయి. ప్రవక్త ఎలీషా గురించి చెప్పింది చెరపట్టబడిన ఇశ్రాయేలు చిన్నది. ఎలీషా చెప్పినట్టు యొర్దాను నదిలో మునగనని కోపంతో వెళ్లిపోతుంటే ఆపి నచ్చజెప్పింది ఆయన దాసులు. ఎలీషా బయటికి వచ్చి తనతో మాట్లాడలేదన్నది నయమాను బాధ. నా పేరు చదవలేదన్న నా బాధకు అది దగ్గరి చుట్టం. ఆయన ఆ దాసుల మాట విని వెనక్కి తిరిగాడు.

దీనికి ఒక నియమం పెట్టుకోండి. ఎవరైనా మీ తప్పు ఎత్తి చూపిస్తే ఆ క్షణాన "సరే, ఆలోచిస్తాను" అని మాత్రమే అనండి, ఆ రోజుకు మరే జవాబూ ఇవ్వవద్దు. వారు చెప్పిన తీరు బాగాలేకపోవచ్చు, అందులో సగం అన్యాయం కావచ్చు. తెల్లవారాక ఆ మాటలో నిజం ఎంతో వెదకండి, దొరికినంతవరకు వారి దగ్గరికే వెళ్లి ఒప్పుకోండి. కోడలు చెప్పినా, కొత్తగా చేరిన ఉద్యోగి చెప్పినా, ఇంట్లో పనిచేసే అమ్మాయి చెప్పినా నియమం ఒకటే. మొదట్లో నాలుక కొసదాకా జవాబు వస్తుంది. మింగడం అలవాటు కావడానికి నాకు ఏడాది దాటింది, ఇప్పటికీ అన్నిసార్లూ సాధ్యం కాదు.

ఒప్పుకోవడంలోనూ తీరు ఉంది. "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" అన్న మాటలో తప్పు నెమ్మదిగా బాధపడినవారి మీదికి జరిగిపోతుంది. "మొన్న మీటింగులో అందరి ముందు మీ మాట కొట్టిపారేశాను, అది తప్పు, నన్ను క్షమించండి" అని, చేసిన పనిని పేరు పెట్టి చెప్పి ఆపాలి. "కానీ" అనే మాట ఆ సంభాషణలోకి రాకూడదు. పదిమంది ముందు కించపరిస్తే క్షమాపణ కూడా ఆ పదిమంది ముందే అడగాలి. క్రీస్తు తన్ను తాను రిక్తునిగా, అంటే ఏమీ లేనివానిగా, చేసుకొన్నాడని పౌలు రాసిన ఫిలిప్పీ పత్రికలోనే, చివరి అధ్యాయంలో, యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు ఏకమనస్సు గలవారై ఉండాలని ఆయన పేరు పెట్టి బతిమాలుకుంటాడు. వారిద్దరూ సువార్త పనిలో ఆయనతో ప్రయాసపడినవారే. రెండవ అధ్యాయంలోని ఆ మహోన్నతమైన మాటలు చివరికి ఇద్దరు పరిచారకుల మధ్య ఉన్న మనస్పర్థను చేరాలన్నది ఆయన ఉద్దేశమని నేను అనుకుంటాను. మీ సంఘంలో మీరు పలకరించని మనిషి ఒకరుంటే, ఫిలిప్పీ పత్రిక మీకు అక్కడే ఆచరణలోకి రావాలి.

మెప్పు విషయం తేలిక. ఎవరైనా మెచ్చుకుంటే "అబ్బే, నాదేముంది" అని మూడుసార్లు తోసిపుచ్చడం వల్ల మాట మన చుట్టూనే మరికాసేపు తిరుగుతుంది. "సంతోషమండీ, వందనాలు" అని వారి క్షేమం అడగండి. సేవ పొందవలసి వచ్చినప్పుడు కూడా అంతే: నా పాదాలు ఎన్నడూ కడగరాదన్న పేతురు మాట వినయంగానే వినబడుతుంది గానీ, యేసు దాన్ని ఒప్పుకోలేదు. జబ్బుపడినప్పుడు ఎవరైనా అన్నం తెచ్చిస్తే, అప్పు తీర్చలేనప్పుడు ఎవరైనా ఆదుకుంటే, తీసుకోండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. ఈస్టరుకు ముందు వచ్చే లెంటు 40 రోజులకు, లేదా ఈ ఆదివారం నుంచి 40 రోజులకు, ఒక్కటే ఎంచుకోండి. రాత్రి పది నిమిషాలు కావచ్చు, కంచం కావచ్చు, "ఆలోచిస్తాను" అనే మాట కావచ్చు. తప్పిపోయిన రోజున ఎక్కువసేపు బాధపడకుండా, ఎందుకంటే ఆ బాధలో సగం మన మీద మనకున్న గొప్ప అంచనా దెబ్బతిన్నదే, దేవునికి చెప్పి మరుసటి రోజు మళ్లీ చేయండి. ఏది ఎంచుకున్నారో మీరు నమ్మిన ఆ ఒక్క మనిషికి తప్ప ఎవరికీ చెప్పకండి.