వరద తరువాత మనసు: 3వ పాఠం – వాన చప్పుడుకు గుండె దడ

భయం తగ్గడానికి గత పాఠంలో చెప్పిన శ్వాస సాధన చేస్తే తల తిరిగిందని, వేళ్లు తిమ్మిరెక్కాయని, దాంతో భయం ఇంకా పెరిగిందని విజయవాడలో వరదకు మునిగిన సింగ్ నగర్, పాయకాపురం వైపు నుంచి చాలామంది రాశారు. కాబట్టి వాన సంగతికి ముందు ఈ చిక్కు విప్పుకోవాలి.

గుండెల నిండా గాలి పీల్చడమే సాధన అనుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. భయపడిన మనిషి అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తూ ఉంటాడు. ఇంకా బలంగా పీలిస్తే రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గి, తల తేలిపోయినట్లు, పెదవుల చుట్టూ చీమలు పాకినట్లు అనిపిస్తుంది. అది చూసి కంగారుపడి మరింత గట్టిగా పీలుస్తారు. పక్కనున్నవారు మంచి మనసుతోనే “గట్టిగా ఊపిరి పీల్చుకో” అంటారు. దయచేసి ఆ మాట అనకండి. సాధన అంతా వదిలే ఊపిరిలోనే ఉంది. ముక్కుతో మామూలుగా, మూడు లెక్కపెట్టేంత సేపు పీల్చి, వేడి పాలు ఊదినట్లు పెదవులు సన్నగా చేసి ఆరు లెక్కపెట్టేంత సేపు వదలాలి. ఆరు కుదరకపోతే ఐదు చాలు. కళ్లు మూసుకోమని కొందరు నేర్పుతారు కానీ, వరదలో చిక్కుకున్నవారికి కళ్లు మూస్తే నీళ్లే కనిపించవచ్చు కనుక తెరిచి ఉంచమనే నేను చెబుతాను. ఛాతీలో నొప్పి పుట్టి చేతికో దవడకో పాకితే మాత్రం సాధన మాని, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇక వాన. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో అంత పెద్ద సంఖ్యలో ఇళ్లు మునిగింది వీధిలో కురిసిన వాన ఒక్కదానివల్ల కాదు. బుడమేరు వాగు పొంగి, కట్టలకు గండ్లు పడి వచ్చిన నీటివల్ల. శరీరం ఈ తేడా చూడదు, చప్పుడు వినగానే ఉలిక్కిపడుతుంది. కనుక వాన మొదలవగానే అధికారుల హెచ్చరిక ఉందేమో చూడండి. ఉంటే ఆలస్యం చేయకుండా కదలండి. లేకపోతే ఫోన్ పక్కన పెట్టి, గుమ్మంలో నిలబడి, వీధిలో నీరు ఎంతవరకు ఉందో చూసి, చూసినదే పైకి అనండి: “నీరు మొదటి మెట్టు కిందే ఉంది. ఇది ఈ రోజు వాన.”

ఈ వారం అభ్యాసం: పైన చెప్పిన శ్వాస సాధన, రోజుకు మూడుసార్లు, భయం లేని వేళల్లో, ఐదేసి నిమిషాలు. వాన రాత్రి కోసం దాచి, అప్పుడే మొదలుపెడితే పట్టు దొరకదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా ఈ పాఠాలతో సరిపెట్టుకోకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.