రౌటర్‌కి పవర్ రావట్లేదా? చెయ్యి పెట్టే ముందు జాగ్రత్తలు

కాసేపు నెట్ ఉండదని ముందు అందరికీ చెప్పండి. చేతులు తడిగా ఉండకూడదు, కాళ్లకి చెప్పులుండాలి.

అడాప్టర్ పీకేస్తే కరెంటు పోయినట్టే అనుకోవద్దు. పీఓఈ (నెట్ వైరులోనే కరెంటు కూడా పంపే పద్ధతి) ఉన్నచోట లాన్ కేబుల్‌లోంచే 57 వోల్టుల దాకా వస్తుంది. అదీ తీసేయండి.

అడాప్టర్ వోల్టేజీ కొలిచే ముందు మల్టీమీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల సాకెట్‌లో ఉండిపోయిందేమో చూడండి. అందులోనే ఉంచి వోల్టేజీ కొలిస్తే షార్టే! డీసీ 20 వోల్టుల రేంజ్ పెట్టండి, మొనలు ఒకదానికొకటి తగలనివ్వకండి. 12 వోల్టులు చూపించింది కదా అని అడాప్టర్ బాగుందని తేల్చేయొద్దు. ఊరికే ఉన్నప్పుడు 12 ఇచ్చి, రౌటర్ తగిలించగానే 9కి జారిపోయేవి ఉంటాయి. రౌటర్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే నా మొదటి అనుమానం దానిమీదే.

మరో అడాప్టర్‌తో చూడాలంటే లేబుల్ చదవండి:
- వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి
- ఆంపియర్లు అంతే, లేదా ఎక్కువ
- పిన్ ప్లస్, మైనస్ గుర్తు ఒకటే కావాలి

పిన్ పట్టింది కదా అని సెట్‌టాప్ బాక్స్‌ది గుచ్చేయడం మనవాళ్లకి మహా అలవాటు.

పెద్ద నెట్‌వర్క్ స్విచ్‌ల లోపలి పవర్ సప్లై మూత మాత్రం విప్పకండి. అందులోని కెపాసిటర్‌లో (కరెంటు నిల్వ ఉంచే భాగం) 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు నిలుస్తుంది. కాలిన వాసన వస్తే మళ్లీ ఆన్ చేసి చూడకుండా మెకానిక్‌కి ఇచ్చేయండి.