తేదీ స్ట్రింగును మరో రూపంలోకి మార్చే పద్ధతి

"03/04/2021" అనే స్ట్రింగును (అంటే అక్షరాల వరసను) "2021-04-03"గా మార్చాలంటే, స్లాష్‌ల దగ్గర ముక్కలు చేసి క్రమం తిరగేస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. ఆ పద్ధతి "31/02/2021"ని కూడా ఏ అభ్యంతరమూ లేకుండా తిరగేసి ఇస్తుంది. కాబట్టి స్ట్రింగును ముందు తేదీ ఆబ్జెక్టుగా, అంటే ప్రోగ్రాము నిజమైన తేదీగా గుర్తించే విలువగా మార్చి, దాని నుంచే కొత్త స్ట్రింగును రాబట్టాలి.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మొదటి పనికి ఎస్‌టీఆర్‌పీటైమ్ (strptime), రెండో పనికి ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ (strftime) ఉన్నాయి; పీ అంటే పార్స్ (చదివి అర్థం చేసుకోవడం), ఎఫ్ అంటే ఫార్మాట్ (రూపమివ్వడం) అని గుర్తుంచుకుంటే తడబాటు ఉండదు. తేదీ ఏ రూపంలో ఉందో వీటికి చెప్పే నమూనాలో శాతం గుర్తు పక్కన చిన్న డి రోజును, చిన్న ఎమ్ నెలను, పెద్ద వై నాలుగంకెల సంవత్సరాన్ని సూచిస్తాయి. స్లాష్‌లను ఉన్నచోటనే ఉంచాలి. ఫిబ్రవరి 31 వస్తే వాల్యూఎర్రర్ (విలువ చెల్లదనే దోషం) వస్తుంది, మనకు కావలసిందీ అదే. రెండంకెల సంవత్సరాన్ని సూచించే చిన్న వై వాడితే మాత్రం 69 నుంచి 99 వరకు 1900లలోకి, 00 నుంచి 68 వరకు 2000లలోకి వెళ్తాయి కనుక, 1965లో పుట్టిన మనిషి 2065లో పుట్టబోయేవాడవుతాడు.

అక్షరం చిన్నదా పెద్దదా అన్నది ఇక్కడ ప్రాణాంతకమైన విషయం. పైథాన్‌లో పెద్ద ఎమ్ నిమిషాలకు, జావాలో నెలకు గుర్తు. జావాలో పెద్ద వై వారాల లెక్కన నడిచే సంవత్సరాన్ని, అంటే ఆ తేదీ ఉన్న వారం ఏ ఏడాది లెక్కలోకి వస్తే ఆ ఏడాదిని ఇస్తుంది. అందువల్ల 2024 డిసెంబర్ 31 కాస్తా "2025-12-31"గా అచ్చవుతుంది. జూన్‌లో చేసిన పరీక్షలన్నీ నెగ్గుతాయి కనుక ఈ తప్పు డిసెంబర్ చివరిదాకా దాక్కుని ఉంటుంది. తేదీలను చదివే జావా పాత సాధనం సింపుల్‌డేట్‌ఫార్మాట్ 2021 ఫిబ్రవరి 31ని చడీచప్పుడు లేకుండా మార్చి 3 చేస్తుంది. చూసీచూడనట్టు పోవాలా వద్దా అని నిర్ణయించే సెట్‌లీనియెంట్‌కు ఫాల్స్ (వద్దు) ఇస్తేనే అభ్యంతరం చెబుతుంది.

ఇంతకీ "03/04/2021" ఏప్రిల్ 3వ తేదీయా, మార్చి 4వ తేదీయా? ఆ ఒక్క స్ట్రింగును చూసి ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. కాలమ్ మొత్తం ఒకే చోటి నుంచి వచ్చి ఉంటే, మొదటి ముక్క ఎక్కడైనా 12 దాటిందేమో వెతకండి. దాటితే రోజు ముందున్నట్టే. ఎక్కడా తేలకపోతే ఫైలు ఇచ్చినవారిని అడగడమే దారి. పైథాన్ డేట్‌యుటిల్ లైబ్రరీ వంటి, తేదీ రూపాన్ని తామే ఊహించే పార్సర్ల మీద నాకు నమ్మకం తక్కువ: మామూలు సెట్టింగులో అది "13/04/2021"ని ఏప్రిల్ 13గానూ, దాని కిందనే ఉన్న "03/04/2021"ని మార్చి 4గానూ చదువుతుంది.

భద్రపరిచేటప్పుడు తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ప్రకారం సంవత్సరం, నెల, రోజు వరసలో, ముందు సున్నాలతో రాయాలి. అప్పుడు అక్షర క్రమమే తేదీల క్రమమవుతుంది. సున్నాలు వదిలేస్తే "2021-4-3" వెళ్లి "2021-12-01" తర్వాత కూర్చుంటుంది.