కుందేళ్ల పెంపకం – పాఠం 4: ఏ జాతి బాగా పెరుగుతోంది?

పోయిన పాఠంలో పిల్లను మూత ఉన్న బుట్టలో పెట్టి, బుట్ట బరువు తీసేసి తూచడం నేర్చుకున్నాం. ఇంకా చెవులు పట్టి ఎత్తుతున్నవారు ఉంటే ఆ పాఠం మళ్లీ చదవండి. ఈసారి ఆ అంకెలతో జాతులను పోల్చుదాం.

పెద్దయ్యాక న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా సుమారు 4 నుంచి 5 కిలోలు తూగుతాయి. డచ్ రెండు, రెండున్నర కిలోల మధ్య ఆగిపోతుంది. నెదర్లాండ్ డ్వార్ఫ్ కిలోకి అటూ ఇటూ. ఫ్లెమిష్ జెయింట్ 6 కిలోలు దాటుతుంది.

ఇక లెక్క. అంకెలు అభ్యాసం కోసమే. 35వ రోజున, పాలు మాన్పించేటప్పుడు, న్యూజిలాండ్ వైట్ పిల్ల 650 గ్రాములు, డచ్ పిల్ల 400 గ్రాములు ఉన్నాయనుకోండి. 84వ రోజున మొదటిది 1950, రెండోది 1150 తూగింది. పెరిగిన బరువును 49 రోజులతో భాగిస్తే రోజుకు 26.5 గ్రాములు, 15.3 గ్రాములు. చాలామంది ఇక్కడే కాటా పక్కన పెట్టేస్తారు.

ఇంకో లెక్క ఉంది. పెద్ద కుందేలు బరువులో ఈ 84వ రోజు బరువు ఎన్నో వంతు? న్యూజిలాండ్ వైట్‌కు 4500 గ్రాములు వేసుకుంటే 43 శాతం. డచ్‌కు 2300 వేసుకుంటే 50 శాతం. అంటే చిన్న జాతి పిల్లే ముదరడానికి దగ్గరైంది. ఇక దానికి పెట్టే దాణా కొవ్వుగా మారడం త్వరగా మొదలవుతుంది. ఫ్లెమిష్ జెయింట్ ఇందుకు పూర్తిగా ఎదురు: ముందు ఎముక పెరుగుతుంది, కండ నిదానంగా పడుతుంది. మాంసానికి మధ్యస్థ జాతులనే ఎక్కువగా పెంచడానికి ఇదొక కారణం.

అసలు చిక్కు జాతిలో కాదు, పోల్చే పద్ధతిలో వస్తుంది. నాలుగు పిల్లల ఈతలో ఒక్కో పిల్లకు పాలు బాగా దొరుకుతాయి. తొమ్మిది పిల్లల ఈతలో అదే జాతి పిల్ల బక్కగా ఉంటుంది. డిసెంబరులో పుట్టిన ఒక జాతిని, ఏప్రిల్‌లో పుట్టిన ఇంకో జాతితో పోలిస్తే మీరు తూచింది ఎండను! కుందేలుకు మనలా చెమట పట్టదు. వేడికి మేత తగ్గించేస్తుంది, పెరుగుదల పడిపోతుంది. మన కోస్తా, తెలంగాణ వేసవిలో ఈ తేడా కళ్లకే తెలుస్తుంది.

నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. ఒక ఆడ కుందేలు నెలలో బాగా బరువెక్కిందని మురిసిపోయి పుస్తకంలో రాసుకున్నాను. నాలుగు రోజులకు ఈనింది. చూడితో ఉండేది 31 రోజులే కదా, ఆ మాత్రం తట్టలేదు. పెద్దవాటి బరువు ఒట్టిగా ఉన్నప్పుడే తీసుకోండి.

ఇంటిపని: రెండు జాతుల నుంచి, ఒకే వారంలో పుట్టి ఈతకు ఆరేడు పిల్లలున్న తల్లులను ఎంచుకోండి. పిల్లలను వారానికోసారి, పొద్దున దాణా వేయకముందే తూచండి. పక్కనే తిన్న దాణా బరువూ రాసి ఉంచండి. పాఠం 5 దానితోనే మొదలవుతుంది.