అమెరికాలో ఫోన్ కంపెనీ మీ కాల్ వివరాలు మార్కెటింగ్‌కు వాడకుండా ఆపడం ఎలా?

ఫోన్ కంపెనీ నుంచి అప్పుడప్పుడు ‘సీపీఎన్ఐ నోటీసు’ అని ఒక మెయిల్ వస్తుంది, లేదా బిల్లుతో పాటు ఓ కాగితం వస్తుంది. సీపీఎన్ఐ అంటే మీ ఫోన్ వాడకం గురించి కంపెనీ దగ్గర ఉండే వివరాలు. ఏదో ప్రకటన అనుకుని నేనూ ఆ నోటీసును చాలాకాలం తీసి పడేశాను. పడేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. నోటీసు పంపాక కంపెనీ కనీసం 30 రోజులు ఆగుతుంది. ఈలోపు మీరు వద్దనకపోతే ఆ వివరాలు వాడుకోవచ్చు.

ఏ వివరాలంటే, మీరు ఎవరికి ఫోన్ చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఏ ప్లాన్‌లో ఉన్నారు, బిల్లు ఎంత అనేవి. అమెరికా కమ్యూనికేషన్స్ చట్టంలో 1996లో చేర్చిన 222వ సెక్షన్ వీటికి రక్షణ ఇస్తుంది. అమలు చూసేది టెలికాం కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ. సొంత సర్వీసులు, అనుబంధ కంపెనీల టెలికాం సర్వీసులు మీకు అమ్మడానికైతే మీ మౌనం చాలు. బయటి కంపెనీల మార్కెటింగ్‌కు ఇవ్వాలంటే మాత్రం మీరు ముందే సరే అనాలి. బిల్లింగ్‌కు, మోసాలు పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వద్దని చెప్పడం ఐదు నిమిషాల పని. అకౌంట్‌లో లాగిన్ అయి ప్రైవసీ సెట్టింగ్స్‌లో సీపీఎన్ఐ ఎక్కడుందో వెతకండి. లేదా నోటీసులో చెప్పిన నంబర్‌కు ఫోన్ చేయండి. వద్దని చెప్పే దారి 24 గంటలూ ఉచితంగా ఉండాలన్నది రూల్. కారణం చెప్పక్కర్లేదు, సర్వీసు ఆపరు. 30 రోజులు దాటినా ఫర్వాలేదు, ఎప్పుడైనా చెప్పొచ్చు. మళ్లీ మీరే మార్చేదాకా ఆ మాట చెల్లుతుంది. అన్నట్టు, దీంతో అమ్మకాల కాల్స్ ఆగవు. అలాంటి కాల్స్ వద్దని మీ నంబర్ నమోదు చేసుకోవడానికి డు నాట్ కాల్ రిజిస్ట్రీ వేరే ఉంది.

మనవాళ్లకు అసలు చిక్కు ఫ్యామిలీ ప్లాన్ దగ్గర. డబ్బులు కలిసొస్తాయని నలుగురు రూమ్మేట్స్ ఒకే అకౌంట్‌లో చేరతారు. సెట్టింగ్ మార్చే అధికారం మామూలుగా అకౌంట్ ఎవరి పేరున ఉందో వాళ్లదే. కాబట్టి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, లైన్‌కి లైన్ విడిగా ఉందేమో చూసి, అన్నీ మార్చించండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పనిలో పనిగా అకౌంట్‌కు పాస్‌వర్డ్ కూడా పెట్టుకోండి. మీరే ఫోన్ చేసి కాల్ వివరాలు అడిగితే, పాస్‌వర్డ్ లేనిదే కస్టమర్ కేర్ చెప్పకూడదు. పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలు, అమ్మ పుట్టింటి పేరు చెబితే చాలదు. పాస్‌వర్డ్ చెప్పలేకపోతే రికార్డులో ఉన్న నంబర్‌కు తిరిగి ఫోన్ చేస్తారు, లేదా రికార్డులో ఉన్న అడ్రస్‌కు పోస్టులో పంపుతారు. ఏడాదికో అపార్ట్‌మెంట్ మారేవాళ్లు అడ్రస్ మార్చడం మరిచిపోతే ఆ కవరు పాత ఇంటికి పోతుంది. షాపుకు వెళ్తే ఫొటో ఉన్న ఐడీ చూపించాలి.

చెప్పినా వినకపోతే ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో కన్జ్యూమర్ కంప్లైంట్ పెట్టండి. ఫీజు లేదు. ఫిర్యాదు కంపెనీకి చేరాక 30 రోజుల్లో జవాబివ్వాలి. అప్పుడు పనికొచ్చేది ఆ స్క్రీన్‌షాటే.