ఫేజర్ ప్లాట్‌ల చుక్కలు అర్ధవృత్తం బయటికి పోతుంటే: నా అనుభవం

నల్లగొండ, పాలమూరు దిక్కు ఫ్లిమ్ (డై వెలుతురు ఇడిసేదానికి పట్టే సగటు సమయం, అంటే లైఫ్‌టైమ్, కొలిచే మైక్రోస్కోపీ) డేటా చూస్తున్నోళ్లకు పనికొస్తదని రాస్తున్న. ఫేజర్ ప్లాట్ అంటే ఒక్కో పిక్సెల్ లైఫ్‌టైమ్‌ను జీ, ఎస్ అనే రెండు అంకెలతోని చుక్కగా పెట్టే గ్రాఫ్; ఒకే లైఫ్‌టైమ్ ఉంటే చుక్క అర్ధవృత్తం మీద పడాలె. ఒకే లైఫ్‌టైమ్ ఉన్న డై కూడా అర్ధవృత్తం మీద కూర్చోకుండా బయటికి పోతుండె. థ్రెషోల్డ్ (తక్కువ వెలుతురు పిక్సెల్‌లను తీసేసే హద్దు) పెంచిన, మీడియన్ ఫిల్టర్ వేసిన, బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన, ఏదీ పనిచెయ్యలే. బ్యాక్‌గ్రౌండ్ వెలుతురు చుక్కలను సున్నా దిక్కు గుంజుతది గానీ బయటికి నెట్టదు.

పనిచేసింది రిఫరెన్స్ (లైఫ్‌టైమ్ ముందే తెలిసిన డై కొలత) మళ్లా తీసుడు. 4.0 నానోసెకండ్ల లైఫ్‌టైమ్ ఉండే ఫ్లోరెసీన్ డైని పీహెచ్ 10 బఫర్‌ల తాజాగా, సుమారు 1 మైక్రోమోలార్ కలిపిన. ఉత్త నీళ్లల్ల కలిపితే ఆ 4.0 లెక్క తప్పుతది. లేజర్ 80 మెగాహెర్ట్జ్ కాబట్టి ఫోటాన్లు సెకనుకు 8 లక్షల లోపే, అంటే లేజర్ పల్స్‌లల్ల 1 శాతం లోపే ఉంచిన. ఎక్కువైతే ముందొచ్చిన ఫోటానే లెక్కకెక్కి లైఫ్‌టైమ్ తక్కువ చూపుతది. శాంపిల్‌కు వాడిన ఆబ్జెక్టివ్, ఫిల్టర్, టైమ్ రేంజ్ మార్చకుండనే రికార్డ్ చేసిన. సాఫ్ట్‌వేర్‌ల 4.0 ఇచ్చి, చుక్క జీ 0.20, ఎస్ 0.40 దగ్గర పడేటట్టు ఫేజ్ (చుక్క కోణం), మాడ్యులేషన్ (సున్నా నుంచి చుక్క దూరం) సవరించిన.

అదే సవరణతో నీళ్లల్ల రోడమిన్ బి అనే ఇంకో డై పెట్టి చూస్తే, సుమారు 1.7 నానోసెకండ్లకు రావాల్సిన జీ 0.58, ఎస్ 0.49 దగ్గరనే కూర్చున్నది. దీని లైఫ్‌టైమ్ వేడికి తగ్గుతది. మన మే నెల ఎండలకు ఏసీ బందైతే అంకె కదులుతది.

ఫ్రీక్వెన్సీ డొమైన్ (ఒక్కో ఫోటాన్ టైమ్ కాకుండా, హెచ్చుతగ్గులయ్యే వెలుతురుతోని కొలిచే) మెషీన్ల మీద చూడలే. ఫోటాన్లు వచ్చిన టైమ్‌ల హిస్టోగ్రామ్, లేజర్ రెండు పల్స్‌ల నడుమ ఉండే 12.5 నానోసెకండ్ల పూర్తి పీరియడ్‌ను పట్టకపోతే ఇదొక్కటే సరిపోకపోవచ్చు.