నాలా ఒడ్డున పాత ఫ్యాక్టరీ స్థలం: కొత్త నిర్మాణానికి ముందు పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేయడం ఎలా?

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నాలా మూసాపేట, ఫతేనగర్, బేగంపేట మీదుగా పారి హుసేన్‌సాగర్‌లో కలుస్తుంది. దాని పరీవాహకంలోనే బాలానగర్, సనత్‌నగర్ పారిశ్రామికవాడలు ఉన్నాయి. అక్కడ మూతబడిన ఒక ఫ్యాక్టరీ స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టదలిచారనుకుందాం. ఆ పనికి ప్రభావ అంచనా తయారుచేసే యువ ఇంజనీర్లకూ, ఆ నివేదికను చదవదలచిన బస్తీవాసులకూ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

మొదట చట్టం సంగతి. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించి ఉంటే ముందస్తు పర్యావరణ అనుమతి తీసుకోవాలి. 1,50,000 చదరపు మీటర్లకు చేరితే పరిశీలన మరింత విస్తృతంగా ఉంటుంది. అయితే భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఆ నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది. కాబట్టి దిగువన ఉండేవారి మాట నివేదికలోకి రావాలంటే, తయారుచేసేవారే వారి గడప దాకా వెళ్లాలి.

వెళ్లినప్పుడు చూడవలసినవి కళ్లెదుటే ఉంటాయి. గుమ్మం పక్కన సున్నం మీద మట్టిరంగు గీత, ఫ్రిజ్ కింద నాలుగు వరసల ఇటుకలు, మంచం కోళ్ల కింద బండరాళ్లు కనిపిస్తే, వాటి ఎత్తును టేపుతో కొలిచి, ఏ సంవత్సరపు వరదకు ఆ నీరు వచ్చిందో అడిగి రాసుకోవాలి. నాలా ప్రవాహాన్ని నిరంతరం కొలిచే ఏర్పాటు లేని చోట ఇంతకంటే నమ్మదగిన వరద రికార్డు దొరకడం కష్టం.

తర్వాత నాలా వెడల్పు. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం పది మీటర్లకు మించి వెడల్పున్న నాలా నిర్ణీత సరిహద్దు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు ఖాళీగా వదలాలి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఆక్రమణలతో కుంచించుకుపోయిన నేటి వెడల్పును కొలిస్తే 9 మీటర్ల బఫర్ (ఖాళీగా వదిలే జాగా) 2 మీటర్లకు పడిపోవచ్చు. గ్రామ నక్షా, టిప్పన్ (సర్వే నంబరు కొలతల చిత్రం), పాత టోపోషీట్లు (సర్వే శాఖ భూపటాలు) ముందు పెట్టుకుని అసలు సరిహద్దును తేల్చకుండా తర్వాతి లెక్కలకు పోకూడదు.

ఇక నేల. నా దృష్టిలో ఎక్కువ సమయమూ డబ్బూ వెచ్చించవలసింది దీనికే. అక్కడ ఏ వస్తువు తయారైంది, ఏ రసాయనాలు వాడారు, తొట్లు ఎక్కడ ఉండేవి, వ్యర్థ జలం ఏ కాలువలో పోయేది అన్నది పాత కార్మికులను అడిగి ఒక పటం గీయాలి. ప్లేటింగ్ షాపు (లోహపు పూత వేసే విభాగం) నడిచిన చోట ఆసిడ్ తిన్న గచ్చు గరుకుగా ఉంటుంది. పగుళ్లలో పసుపు మరక కనిపిస్తే హెక్సావాలెంట్ క్రోమియం (విషపూరితమైన క్రోమియం రూపం) ఉందేమోనని అనుమానించాలి. నికెల్, జింక్, సైనైడ్ పరీక్షలు కూడా చేయించాలి. మందుల కంపెనీ అయితే ద్రావకాలు (సాల్వెంట్లు) చూడాలి. వాటిలో క్లోరిన్ ఉన్నవి నీటికంటే బరువు కనుక గ్రానైట్ పగుళ్ల వెంట లోతుకు దిగిపోతాయి. నమూనాలను గచ్చు కింద నుంచి, తొట్టి గుంతల నుంచి, పూడిక మట్టి అడుగు నుంచి, మొరం పొర నుంచి విడివిడిగా తీయాలి. వాటన్నిటినీ కలిపి ఒకే నమూనాగా పంపితే విషం ఉన్న చోటు సగటులో మాయమవుతుంది. భూగర్భ జలం నాలా వైపు కదులుతోందా లేదా తెలియాలంటే కనీసం మూడు బోర్లలో నీటిమట్టం కొలవాలి.

నాలా నీటిని స్థలానికి ఎగువనా దిగువనా, వేసవిలోనూ వానాకాలంలోనూ పరీక్షించాలి. ఎండాకాలపు నాలాలో పారేది చాలావరకు మురుగే కనుక, ఒక్క వేసవి లెక్కతో నిర్ణయానికి రాకూడదు.

వాననీటి లెక్క సులువే. హెక్టారు స్థలంలో గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. మట్టి నేలకు ప్రవాహ గుణకం (కురిసిన వానలో ఇంకకుండా పారిపోయే వాటా) 0.3గా తీసుకుంటే సెకనుకు 50 లీటర్లు, సిమెంటు పరిచాక 0.9గా తీసుకుంటే 150 లీటర్లు బయటికి పోతాయి. అంటే గంటలో అదనంగా 3,60,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు డెబ్బై రెండు! అయితే పాత స్థలంలో అప్పటికే రేకుల షెడ్లు, గచ్చు ఉంటాయి కనుక వాటి గుణకాన్ని నిజాయితీగా వేయాలి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో నమోదైన 241.5 మిల్లీమీటర్ల వర్షానికి కూడా డిజైన్‌ను పరీక్షించి చూడాలి. నీటిని ఆపే తొట్టి కట్టినా, దాని తూము నాలా వరదమట్టం కంటే దిగువన ఉంటే, అవసరమైన రోజునే నాలా నీరు ఎదురు తన్ని లోపలికి వస్తుంది.

ఒక పరిష్కారం మరో సమస్య కావచ్చు. ఇంకుడు గుంత మంచిదే, కానీ కలుషితమైన నేలలో తవ్వితే వాన నీరే విషాన్ని భూగర్భ జలంలోకి దింపుతుంది. సెల్లార్ల కోసం నీటిని తోడితే చుట్టుపక్కల కలుషిత జలం ఆ గుంత వైపు కదులుతుంది. తోడిన నీటిని పరీక్షించకుండా నాలాలోకి వదిలితే అది హుసేన్‌సాగర్ వైపు పోతుంది. అందుచేత నేల ఫలితాలు రాకముందు సెల్లార్ల లోతు ఖరారు చేయవద్దని బిల్డరుకు గట్టిగా చెప్పాలి.

కూల్చివేత గురించి క్లుప్తంగా: పాత షెడ్ల సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) ఉండవచ్చు కనుక వాటిని పగలగొట్టకుండా, తడిపి, విప్పి దించాలి. శిథిలాలను ఒక్కరోజు కూడా నాలా ఒడ్డున పోయకూడదు.

చివరగా, ప్రతి చర్య పక్కన ఎవరు, ఎప్పుడు, ఎంత ఖర్చుతో చేస్తారో రాయాలి. అనుమతి వచ్చాక ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి అమలు నివేదికలు ఇవ్వాలి. కానీ బిల్డరు వెళ్లిపోయాక వాననీటిని ఆపే తొట్టిలో పూడిక తీయవలసింది ఫ్లాట్ల యజమానుల సంఘం. తొట్టి నక్షా, తూము గేటు తాళంచెవి, జూన్‌కు ముందు ఏటా చేయవలసిన పనుల జాబితా వారికి అప్పగించే కాగితాల్లోనే ఉండాలని నివేదికలో షరతుగా రాయండి.